డ్రమ్మర్ లేని రికార్డు

భోజనాల గంట కొట్టగానే సానచక్రాలు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగిపోయాయి. ఇక వినపడేదల్లా రేకుల కప్పు మీద అక్టోబరు వాన చప్పుడే. రాయ్‌స్టన్ హేగ్ జీనులాంటి చెక్కపీట మీద నుంచి లేచి, మోచేతుల దాకా పట్టిన పసుపుపచ్చ సానబురదని బకెట్లో కడుక్కుంటున్నాడు. వెనకనుంచి విల్ఫ్ పిలిచాడు.

"ఒరే రాయ్, ఇట్రా. నీ స్నేహితుల మీద లండన్‌వాళ్లు పూలు జల్లారు."

విల్ఫ్ అరవై దాటిన మనిషి. షెఫీల్డ్‌లో చాకులకి సాన పట్టేవాళ్లలో ఆయన్ని మించిన పాతకాపు లేడు. రాయ్‌కి ఈ పని నేర్పింది కూడా ఆయనే. మొన్న వేసవిలో జరిగిన రాజకుమారుడి పెళ్లి బొమ్మ ఉన్న కప్పులో టీ పోసుకుని, ప్యాకింగ్ గదిలో ఎవరో కొన్న సంగీత వారపత్రికని కళ్లకి దూరంగా పట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ నలుగురైదుగురు చేరారు. ఆయన బడిలో పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా చదివాడు.

"'బరో లైట్స్ వారి తొలి రికార్డు గ్లాస్ వెదర్ వినడమంటే ఫ్రిజ్ తలుపు తీసి దాని ముందు కూర్చోవడమే. చల్లగా ఉంటుంది. చిన్న దీపం వెలుగుతుంది. లోపల తినడానికేమీ ఉండదు. ఈ నలభై నిమిషాల్లో మనిషి చెయ్యి పడిన జాడ ఎక్కడా లేదు. ఆఖరికి డ్రమ్ములు కొట్టింది కూడా ఒక పెట్టె.'"

అందరూ పగలబడి నవ్వారు. ప్యాకింగ్‌లో పనిచేసే బారీ, రాయ్ వీపు మీద ఒక్కటి చరిచాడు. "తగిన శాస్తి జరిగిందిరా. నిన్ను తోసేసి పెట్టెని కూర్చోబెట్టుకున్నారుగా, ఇప్పుడా పెట్టెనే నెత్తిన పెట్టుకు ఊరేగమను."

రాయ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే కొవ్వు రాసిన రొట్టెముక్క నోట్లో పెట్టుకున్నాడు. దాన్ని టీతో దింపుకున్నాడు.

బరో లైట్స్ బృందంలో ఆరేళ్లు డ్రమ్ములు వాయించాడతను. అంతకుముందు ఆ బృందంలోని కెల్విన్‌తో కలిసి చదువుకున్నాడు, చేపలు పట్టాడు, ఒకే సిగరెట్టు చెరో దమ్ము లాగాడు. వసంతంలో ఒకరోజు కోటు జేబులో కర్రలు పెట్టుకుని సాధన గదికి వెళ్తే అతని స్టూలు మీద మీట నొక్కితే తనంతట తనే దరువు వేసే పెట్టె ఒకటి ఉంది. పొమ్మన్నవాడు లేడు. ఉండమన్నవాడూ లేడు. కెల్విన్ తీగలు సర్దుకుంటూ తల ఎత్తలేదు. పాటగాడు ఏడ్రియన్ టీ పెడతానని లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రాలేదు. ఇప్పుడు రికార్డు అట్ట మీద ఆ పెట్టె పేరూ, నెంబరూ ముద్రించారట. రాయ్ పేరు ఎక్కడా లేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి భార్య గ్లెనిస్ బడి వంటింటి పని నుంచి అప్పుడే వచ్చినట్టుంది. జుట్టుకి కట్టుకున్న వల ఇంకా తియ్యలేదు. పొయ్యి మీద బఠాణీలు కలుపుతూ, తిరక్కుండానే అంది.

"కెల్విన్ వచ్చి వెళ్లాడు."

"ఎందుకట?"

"అడిగితే చెప్పలేదు. లోపలికి రమ్మంటే రాలేదు. వానలో నిలబడి అదిగో ఆ సంచీ నా చేతిలో పెట్టి, బూట్ల వంక చూసుకుంటూ పోయాడు."

అల్మరా మీద చదరంగా, పల్చగా ఒక కాగితం సంచీ ఉంది. లోపలేముందో విప్పి చూడక్కర్లేదు. రాయ్ తడిసిన టోపీ తీసి సరిగ్గా దాని మీదే పెట్టాడు.

"అది టోపీలు పెట్టుకునే బల్ల కాదు," అంది గ్లెనిస్.

"ఇప్పట్నుంచీ అదే."

"నీ ఇష్టం. వినకపోయినా పాడైపోదులే. పాలు కాదుగా."

మర్నాడు పనిలో ఉండగా ఆఫీసు గదిలో నీకు ఫోనొచ్చిందని పిలిచారు. లండన్ వారపత్రిక నుంచి జూలియన్ అనే అతను. సమీక్ష రాసింది తను కాదట. కానీ యంత్రాల సంగీతం గురించి ఒక పెద్ద వ్యాసం రాస్తున్నాడట. 'యంత్రం కోసం పక్కకి నెట్టేసిన మనిషి' మాట అందులో ఉండితీరాలట. శనివారం మధ్యాహ్నం తనే వస్తానన్నాడు. రాయ్ సరేనన్నాడు. తిరిగొచ్చేసరికి ఆ కబురు అతనికంటే ముందే చక్రాల దగ్గరికి చేరింది.

"దులిపెయ్యరా," అన్నాడు బారీ. "చొక్కా పట్టుకుని దులిపెయ్. మేమూ వస్తాం, వినాలి."

విల్ఫ్ చాకు అలుగుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని అంచు చూస్తున్నాడు. చూపు తిప్పకుండానే అన్నాడు. "దులపడాలూ గిలపడాలూ ఎందుకు. జరిగింది జరిగినట్టు చెప్పు. వాళ్ల పరువు తియ్యడానికి అదే చాలు."

శనివారం పొద్దున గ్లెనిస్ బజారుకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. "వింటావా, వినవా?"

"ఎందుకు వినాలి? అందులో ఏముంటుందో నాకు తెలుసు."

"ఆ సమీక్ష రాసినాయనకీ అలాగే తెలిసుంటుంది. వినకుండా తిట్టేట్టయితే మీ ఇద్దరికీ తేడా ఏంటి మరి?"

ఆమె వెళ్లిపోయింది. రాయ్ కాసేపు కిటికీలోంచి కొండవాలు ఇళ్ల కప్పులు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత టోపీ తీసి పక్కన పెట్టాడు. రికార్డుని అంచులు పట్టుకుని బయటికి తీసి, చొక్కా మోచేత్తో ఓసారి తుడిచి, ప్లేయర్ పళ్లెం మీద పెట్టి ముల్లు దించాడు. సోఫా చెయ్యి పక్కన కూర్చున్నాడు.

మొదట ఏమీ లేదు. తర్వాత తలుపు కింద సందులోంచి వెలుతురు పాకినట్టు ఒక సన్నని ధ్వని మొదలైంది. అది కెల్విన్ వేళ్లకింద సింథసైజర్ అని అతనికి తెలుసు. కానీ అది ఏ వాయిద్యంలాగా నటించడం లేదు. నేను వయొలిన్‌ని అనడం లేదు, బాకాని అనడం లేదు. ఇంతవరకూ లోకంలో లేని గొంతేదో అప్పుడే పుట్టి మాట నేర్చుకుంటున్నట్టుంది. దాని కింద పెట్టె అందుకుంది. టిక్, టక్, టిక్, టక్. పొడిగా, చిన్నగా.

"గోడ గడియారం," అన్నాడు రాయ్ పైకే.

అతని చేతులు మాత్రం సోఫా చేతి మీద దరువు అందుకున్నాయి. అవి అతని మాట వినే రకం కాదు. చరణం మలుపు దగ్గర కుడిచెయ్యి అలవాటుగా గబగబా ఉరికింది. పెట్టె ఉరకలేదు. ఆ చోటుని అలా ఖాళీగా వదిలేసింది. లేని మెట్టు మీద అడుగేసినట్టు అతని చెయ్యి సోఫా మీద పడింది. రెండో మలుపులోనూ అంతే. మూడోసారి చెయ్యి లేవబోయి, దానంతటదే ఆగిపోయింది.

ఆ ఖాళీలోకి ఏడ్రియన్ గొంతు వచ్చింది.

రాయ్ ముందుకి వంగాడు. ఏడ్రియన్ అరిచి పాడతాడు. మెడనరాలు ఉబ్బించి, కళ్లు మూసుకుని, మైకుని మింగేట్టు అరుస్తాడు. ఆరేళ్లు అతని వీపు చూస్తూ వాయించిన రాయ్‌కి అది తెలియనిదా? ఈ గొంతు అది కాదు. ఇది పక్కింట్లో పిల్లాణ్ణి నిద్రపుచ్చుతున్న మనిషి గొంతు. మెత్తగా ఉంది, కొంచెం భయం భయంగా ఉంది. మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతోంది. ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది? కొత్తగా వచ్చింది కాదని అతనికి పాట సగంలో తట్టింది. ఆరేళ్లుగా ఉన్నదే. వాడు అరిచింది నా డ్రమ్ములని దాటి వినబడాలని. అరవక్కర్లేకపోతే వాడి గొంతు ఇది.

అతని చేతులు ఒళ్లో పడి ఉన్నాయి. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

రెండోవైపు తిప్పాడు. అందులో మూడో పాటకి పేరుగానీ, మాటలుగానీ లేవు. నేల అడుగునుంచి వచ్చినట్టు ఒక దెబ్బ. చాలాసేపటికి ఇంకొకటి. రాయ్ చటుక్కున కిటికీ వైపు చూశాడు. కింద లోయలో కొలిమి సమ్మెటలు అలాగే పడేవి. చిన్నప్పుడు మంచం పట్టీలు ఆ దెబ్బలకి వణుకుతుంటే నిద్రపట్టేది. కిందటేడు ఉక్కు కార్మికుల సమ్మె అయ్యాక ఒక్కో కొలిమీ మూసేస్తూ వచ్చారు. ఇప్పుడు లోయలో నది పారే చప్పుడు కూడా పైకి వినబడుతుంది. ఇది ఆ సమ్మెట కాదు. అంత గరుకు లేదు దీనికి. నిద్రలో గుర్తొచ్చే సమ్మెటలా గుండ్రంగా, దూరంగా ఉంది. ఇనుము లేకుండా, నిప్పు లేకుండా, కెల్విన్ తన గదిలో కూర్చుని ఊరి గుండెచప్పుడుని గాలిలోంచి తోడుకొచ్చాడు. దాని మీద ఒక్కొక్క స్వరమే ఎక్కుతూ ఎక్కుతూ పైకి వెళ్లింది. అది ఎక్కడ ఆగుతుందోనని రాయ్ ఊపిరి బిగబట్టి విన్నాడు.

గ్లెనిస్ తలుపు తీసుకుని వచ్చేసరికి ముల్లు చివరి గాడిలో పడి రికార్డు గిరగిర తిరుగుతూ ఉంది. రాయ్ కదల్లేదు.

"ఏమైంది? ఒంట్లో బాలేదా?"

"కూర్చో."

"చేప ఉంది చేతిలో. కోటు తడిసింది."

"ఫర్లేదు, కూర్చో," అని అతను మళ్లీ మొదటివైపు పెట్టాడు. ఆమె కోటుతో, చేప సంచీతో సోఫా అంచున కూర్చుని ఆఖరి దాకా విని, చివర్న ఒకే మాట అంది. "అయ్యో, ఏడ్రియన్."

జూలియన్ పొడుగు కోటు వేసుకున్న సన్నటి కుర్రవాడు. మధ్యాహ్నం పబ్‌లో మూల బల్ల దగ్గర కూర్చుని, చిన్న టేప్ రికార్డరు బీరు గ్లాసులకి దూరంగా పెట్టాడు. పక్కబల్ల చుట్టూ బారీ, విల్ఫ్, మరో ఇద్దరు చేరి, వినడంలేదన్నట్టు పేకముక్కలు పంచుకుంటున్నారు.

"మీకు జరిగింది అన్యాయం. మా పాఠకులకి అది మీ నోటితో తెలియాలి," అన్నాడు జూలియన్, మీట నొక్కుతూ.

"అన్యాయమే," అన్నాడు రాయ్. "మొహం మీద చెప్పాల్సింది. చెప్పలేదు. దానికి కెల్విన్‌ని చెంపదెబ్బ కొట్టాలనుంది. అది వాడికీ నాకూ మధ్య విషయం."

"రికార్డు గురించి?"

రాయ్ గ్లాసు కిందపడ్డ తడి వలయాన్ని బొటనవేలితో తుడిచాడు. "గొప్పగా ఉంది."

"ఏమన్నారు?"

"గొప్పగా ఉందన్నాను. నేను విన్నవాటిల్లో అలాంటిది లేదు. ఎలా చెప్పాలో నాకు చేతకాదు. చలికాలం పొద్దున మంచు పడ్డాక తలుపు తీస్తాం చూడు, మన వీధే మనకి కొత్తగా ఉంటుంది, నోట మాట రాదు. అలా ఉంది."

"మీరు వెటకారంగా అంటున్నారు కదూ?"

"వెటకారమైతే నవ్వుతూ అందును కదయ్యా. నేనుంటే అది అంత బాగుండేది కాదు. అదీ రాసుకో. నేను లేను కాబట్టే వాడి గొంతు బయటికొచ్చింది."

పక్కబల్ల మీద పేకముక్కలు ఆగిపోయాయి. జూలియన్ ఇంకో రెండు ప్రశ్నలు అడిగాడు. పెట్టెలు వాయిద్యకారుల పొట్టకొట్టడం గురించి, కోపం గురించి. జవాబులు తను అనుకున్న దారిలో రాలేదు. మీట నొక్కి టేపు ఆపేశాడు. పత్రికలో స్థలం చూసుకోవాలన్నాడు, రైలు వేళవుతోందన్నాడు. తన బీరు సగంలోనే వదిలి లేచాడు.

అతను వెళ్లాక విల్ఫ్ ముక్కలు బల్ల మీద బోర్లించాడు.

"మా తమ్ముడు ఇరవై ఏళ్ల పిల్లాడప్పుడు కొలిమిలో చేరాడు. వాణ్ణి పంపేసి ఆ చోట ఏం పెట్టారో తెలుసా?"

"తెలుసు, విల్ఫ్."

"తెలిసే ఆ మాటన్నావా? రేపు నా పీట మీదా ఒక పెట్టె వస్తుంది. అప్పుడు కూడా వచ్చి దానికి దండం పెడతావా?"

"నేను దండం పెట్టింది పెట్టెకి కాదు."

"మరి దేనికి?"

పొద్దున రాయ్ ఒంటి మీద వెంట్రుకలు నిలబెట్టినది ఇప్పుడు నాలుక మీదికి రమ్మంటే రాలేదు. విల్ఫ్ టోపీ పెట్టుకున్నాడు. గ్లాసు అడుగు కనబడకుండా ఆయన పబ్ లోంచి లేవడం అక్కడెవరూ ఎరగరు. ఆరోజు లేచాడు.

సోమవారం నుంచి విల్ఫ్ అతనితో మాట్లాడలేదు. ఇద్దరి పీటలూ పక్కపక్కనే. ముందుకి వంగి, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, తడిరాయి మీద అలుగు వేస్తే ఒకరి మీంచి లేచిన నీటితుంపర ఇంకొకరి మీద పడుతుంది. అంత దగ్గర. ఇదివరకు రాయ్ సాన పట్టిన చాకుల్లో రోజుకి రెండుమూడైనా విల్ఫ్ తీసుకుని వెలుతురులో చూసి, "ఇదా సాన? దీంతో వెన్న కూడా తెగదు" అని తిట్టేవాడు. ఆ వారం ఒక్కటీ ముట్టుకోలేదు. ఎవరూ తిట్టని పని చేస్తుంటే రాయ్‌కి చేతులు చల్లబడిపోయాయి.

గురువారం పత్రిక వచ్చింది. ఈసారి దాన్ని బారీ తెచ్చాడు. చదవబోతుంటే విల్ఫ్ లాక్కుని, తనలో తను చదువుకున్నాడు. చదువుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ఒక్క చోట వేలు పెట్టి పైకి చదివాడు.

"'ఆ పాత డ్రమ్మర్‌ని మేము ఒక పబ్‌లో కలిశాం. చేతుల మీద సానబురద మరకలు. గాయం ఎంత లోతైనదంటే, స్నేహితుల రికార్డు గురించి అడిగినప్పుడు అతని నోట మాట రాలేదు.'"

"మంచిదేగా," అన్నాడు బారీ. "మన వాడు వాగిందంతా పోయింది. పరువు దక్కింది."

విల్ఫ్ ఆ పత్రికని నాలుగు మడతలు పెట్టి సానబురద బకెట్లో ముంచాడు.

"నా పత్రిక," అన్నాడు బారీ.

"నోరుముయ్." విల్ఫ్ రాయ్ వైపు తిరిగాడు. ఆ వారంలో అదే మొదటిసారి. "నువ్వన్నది తప్పు. ఇప్పటికీ తప్పనే అంటాను. కానీ అన్నావు. మంచు అని, తలుపు అని, ఏదో అన్నావు. నేను పక్కబల్ల మీదే ఉన్నాను. నోరున్న మనిషిని పట్టుకుని మూగవాణ్ణి చేశాడు వీడు. ఆ హక్కు ఎవడిచ్చాడు వీడికి?"

విల్ఫ్ చేతులు కోటుకి తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"వాళ్లు ఊళ్లో వాయిస్తున్నారటగా. ఎప్పుడు?"

"రేపు సాయంత్రం. కాలేజీ హాల్లో."

"నన్నూ తీసుకుపో. అందులో ఏముందో నా చెవులతో వింటాను. వీళ్లు చెప్పింది నమ్మను, నువ్వు చెప్పిందీ నమ్మను."

హాలు సగం కూడా నిండలేదు. పత్రిక చదివినవాళ్లలో చాలామంది రాలేదు, వచ్చినవాళ్లు గేలి చెయ్యడానికే వచ్చారు. వేదిక మీద డ్రమ్ములు ఉండాల్సిన చోట ఏమీ లేదు. రెండు బల్లల మీద తీగలూ, చిన్న ఎర్రదీపాలూ ఉన్నాయి. కెల్విన్ తల ఎత్తకుండా మీటలు నొక్కుతున్నాడు. ఏడ్రియన్ మైకు కర్రని ఊతకర్రలా పట్టుకున్నాడు.

మొదటి పాటకే కేకలు మొదలయ్యాయి. "ఫ్రిజ్ తలుపు వెయ్యండ్రా, చలేస్తోంది." జనం నవ్వారు. ఖాళీ ప్లాస్టిక్ గ్లాసు ఒకటి వెళ్లి కెల్విన్ బల్లకి తగిలింది. రెండో పాటలో ఏడ్రియన్ గొంతు వణికింది. వణుకు దాచుకోవడానికి అతను అరవడం మొదలుపెట్టాడు. మెడనరాలు ఉబ్బాయి. గ్లెనిస్‌తో, విల్ఫ్‌తో గోడ పక్కన నిలబడ్డ రాయ్‌కి ఎవరో తన చేతిలోంచి ఏదో లాక్కుంటున్నట్టనిపించింది.

"డ్రమ్ములేవిరా?" ముందువరసలోంచి బారీ గొంతు. అతనితో ఇంకో నలుగురు కలిశారు. "రాయ్ ఏడిరా? రాయ్‌ని పిలవండి. రాయ్, రాయ్, రాయ్."

పాట మధ్యలోనే ఆగిపోయింది. రాయ్ జనాన్ని తోసుకుంటూ ముందుకి నడిచాడు. కెల్విన్ అతన్ని చూశాడు. చెంపదెబ్బ వస్తోందని తెలిసి, తప్పుకోకూడదని నిశ్చయించుకున్న వాడిలా చేతులు రెండూ బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. హాలు మొత్తం ఆ దెబ్బ కోసం ఎదురుచూసింది.

రాయ్ బారీ భుజం మీద చెయ్యి వేశాడు.

"నా పేరు అరవడం ఆపు, బారీ. నాకు పాట వినబడట్లేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అటూ ఇటూ పాకి, అలాగే సద్దుమణిగింది. రాయ్ వేదిక వైపు చూసి, ఏడ్రియన్‌కి మాత్రమే వినబడేంత గట్టిగా అన్నాడు. "మొదటి పాట మళ్లీ పాడు. రికార్డులో పాడినట్టు పాడు. అరవకు."

ఏడ్రియన్ తల ఊపాడు. పెట్టె అందుకుంది. సోఫా పక్కన గోడగడియారంలా వినబడినది ఇక్కడ మనిషంత ఎత్తు స్పీకర్లలోంచి వచ్చి పక్కటెముకల మధ్య కూర్చుంది. సన్నని వెలుతురులాంటి ఆ ధ్వని హాలు కప్పుదాకా లేచి పరుచుకుంది. ఆ మెత్తటి గొంతు దాని కిందినుంచి భయపడుతూ, ఆగుతూ బయటికొచ్చింది. హాల్లో ఎవరూ దగ్గలేదు కూడా. పదిహేడేళ్ల పిల్లలు, గ్లాసు విసిరినవాడు, బారీ, అందరి మొహాలూ ఒకేలా అయిపోయాయి.

గ్లెనిస్ పక్కకి వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది. "డాన్సు ఆడదామా?"

"నాకు రాదు."

"నాకు మాత్రం వచ్చా? ప్రతి కచేరీలో నువ్వు అక్కడ, నేను నీ కోటు పట్టుకుని గోడ పక్కన. అందరి మొగుళ్లూ ఆడేవాళ్లు, నా మొగుడు వాళ్లని ఆడించేవాడు. ఇవాళ నీకేం పనుంది?"

రాయ్ ఆమె వంక చూశాడు. ఆరేళ్లలో ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు. అతను కోటు విప్పాడు. ఆమె కూడా విప్పింది. వెనకాలే వచ్చి నిలబడ్డ విల్ఫ్ చేతుల్లో రెండూ పెట్టేశారు.

"నేనేం కోట్లు తగిలించే కొయ్యనా?" అన్నాడు విల్ఫ్. అన్నాడే గానీ ఆ కోట్లు కింద పెట్టలేదు, వేదిక మీంచి కళ్లూ తిప్పలేదు.

వాళ్లిద్దరూ ఆడారు. ఎంత చెడ్డగా ఆడారో చెప్పడానికి లేదు. తాళం పుట్టించడం తెలిసినవాడికి ఆ తాళం లోపల తన కాళ్లని ఏం చెయ్యాలో తెలియలేదు. రెండుసార్లు గ్లెనిస్ కాలు తొక్కాడు. ఆమె నవ్వింది. కానీ దరువు చెదరలేదు. ఎవరి చెయ్యీ అలిసిపోవడం లేదు, ఎవరూ చెమట తుడుచుకోవడం లేదు. అది ఈ ఇద్దర్నీ వేలు పట్టుకుని నడిపిస్తున్నట్టు ఉంది. రాయ్ కళ్లు మూసుకున్నాడు. తను వాయిస్తున్నప్పుడు ఎదుట జనం కళ్లు మూసుకుని ఊగుతుంటే వీళ్లకి లోపల ఏమవుతోందోనని అతనెప్పుడూ అనుకునేవాడు. ఇదా అనుకున్నాడు. ఇన్నాళ్లూ వీళ్లకి నేనిచ్చింది ఇదా.

పక్కన ఒక జంట కదిలింది. ఇంకో ముగ్గురు పిల్లలు కదిలారు. బారీ చేతులు కట్టుకునే భుజాలు ఊపాడు.

పాట అయిపోయింది. ఏడ్రియన్ మైకు నుంచి వెనక్కి జరిగాడు. సన్నని ధ్వని కూడా కరిగిపోయింది. దరువు ఆపాల్సిన మీట మీద కెల్విన్ వేలు పెట్టి, ఆపకుండా, తల ఎత్తి రాయ్‌ని చూశాడు. వసంతం తర్వాత అతను రాయ్ కళ్లలోకి చూడటం అదే మొదటిసారి. హాల్లో పెట్టె ఒక్కటే మోగుతోంది, కింద మనుషులు ఆడుతూనే ఉన్నారు.

ఆపనా, అన్నట్టు కెల్విన్ కనుబొమలు ఎత్తాడు.

రాయ్ తల అడ్డంగా ఊపాడు.